నీలం మంచం

తిసాహోమోక్, నవంబర్

ఒసే పిరీ,

"మేమంతా క్షేమం, మీరూ క్షేమమని తలుస్తాను" అని మొదలుపెట్టకపోతే మన పిల్లల హోమ్‌లో గీజెల్లా టీచరు వేళ్ళ కణుపుల మీద స్కేలుతో వాయించేది, గుర్తుందా? ఇవాళ వాయిస్తే వాయించనీ, ఆ మాట రాయను. నా పిల్లని, నా సిదిని తీసుకెళ్ళిపోయారే.

మా అత్తగారు పోయారు. ఏడాది తిరిగేదాకా మేం పేరు పలకం కాబట్టి పేరు రాయడం లేదు. నిరుడు నువ్వొచ్చినప్పుడు నీ చెయ్యి పట్టి చూసి, "ఈ గాజో పిల్ల ఎముకల గూడే గానీ మనిషి కాదు, తినిపించండర్రా" అన్న మనిషి. మా రోమా కానివాళ్ళంతా ఆవిడకి గాజోలే కదా. మావాళ్ళంతా వచ్చి మూడు రాత్రులు మేలుకున్నారు. పాడారు, ఏడ్చారు, ఆవిడ చేసిన అల్లరి చెప్పుకుని నవ్వారు కూడా. నాలుగోనాడు సమాధి చేశాం. ఆ మర్నాడు పొద్దున్నే పిల్లల సంరక్షణ ఆఫీసు నుంచి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు, వెనకాల ఒక పోలీసు. జిప్సీల ఇంట్లో జనం, గోల అని ఎవరో ఫోన్ చేశారట.

గది చూశారు. గదిలో ఏమీ లేదు. మంచం లేదు, బీరువా లేదు, కుర్చీ లేదు. అద్దం మీద దుప్పటి కప్పి ఉంది. పొయ్యి చల్లగా ఉంది.

"పిల్ల ఎక్కడ పడుకుంటుంది?"

"నా పక్కనండీ."

"దేని మీద?"

బొంత చూపించాను. వాళ్ళలో లావుపాటావిడ చేతిరుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఒట్టు పిరీ, ఇంట్లో ఏ వాసనా లేదు, ముందురోజే గోడలకి సున్నం వేశాం.

సిదికి మూడేళ్ళు నిండాయి, కారెక్కడం ఇదే మొదలు. సంబరపడిపోయింది. వెనకద్దంలోంచి నాకు చెయ్యూపుతూ వెళ్ళింది.

నువ్వు ఆ పనిలోనే ఉన్నావు. ఏం చేస్తే పిల్లనిస్తారో చెప్పు. మంచం ఎందుకు లేదని మాత్రం అడక్కు.

నీ అరాంకా


పేచ్, నవంబర్

అరాంకా,

ఉత్తరం అందగానే రాస్తున్నాను. ముందు ఏడుపు ఆపు. ఇది తాత్కాలికం. ఇలాంటివి నేను ఎన్నో చూస్తుంటాను. లోపం సరిదిద్దితే పిల్ల ఇంటికొస్తుంది. మీ ఇంట్లో లోపం మంచం. కాబట్టి మంచం సంపాదించు. దానిమీద ఉతికిన దుప్పటి వెయ్యి, తలగడ పెట్టు, పక్కన ఒక బొమ్మ పెట్టు. వాళ్ళు మళ్ళీ వస్తే ఏమన్నా "అలాగేనండీ" అను. నీ నోటి సంగతి నాకు తెలుసు, నాలుగు నెలలు దాన్ని కట్టేసి ఉంచు. పిల్లని చూడ్డానికి పిలిచిన రోజు ఒక్కటి కూడా మానకు.

అయినా మంచం లేకపోవడమేంటే? నిరుడు నేనొచ్చినప్పుడు ఆ గదిలో వాల్‌నట్ చెక్క మంచం ఉంది, ఎక్కడానికి పీట కావలసినంత ఎత్తుది. మీ అత్తగారు నన్ను దానిమీద పడుకోబెట్టి, తాను వంటింటి బెంచీ మీద ముడుచుకుంది. వద్దంటే వినలేదు. సిది నా పక్కలో దూరి రాత్రంతా తన్నింది. ఆ మంచం ఏమైంది? అమ్మేశారా? మీ ఆయన దెజో తాగుతున్నాడా? నా దగ్గర దాస్తే నేను సాయం చెయ్యలేను.

ధైర్యంగా ఉండు. రూల్సు అందరికీ ఒకటే. నేను ఆ రూల్సుతోనే బతుకుతున్నాను కాబట్టి చెబుతున్నాను.

పిరోష్కా


తిసాహోమోక్, జనవరి

ఒసే ఆఫీసరమ్మా,

దెజో తాగడు. తాగితే కక్కుతాడు, మా పెళ్ళిలో నీ బూట్ల మీదే కక్కాడు, మర్చిపోయావా? ఆ లావుపాటావిడ కూడా సరిగ్గా నీ రెండు ప్రశ్నలే వేసింది. అమ్మేశారా, మీ ఆయన తాగుతాడా. మీరంతా ఒకే బళ్ళో చదివారు కాబోలు.

సరే, మంచం అయింది. ఊరి సహకార పొలం మూతపడ్డాక దాని కొట్టం తలుపులు ఊరికే పడి ఉన్నాయి. దెజో అవి అడిగి తెచ్చి మంచం చేశాడు. నేను నీలం రంగు వేసి తలాపున ఎర్ర పువ్వులు దిద్దాను. మా ఆడపడుచు తీసిన ఫోటో పంపుతున్నాను, పక్కన పళ్ళికిలించి నిలబడ్డది నేనే.

ఆఫీసావిడ వచ్చింది. పరుపు నొక్కి చూసి "మంచం బాగుంది" అంది. నేను "అలాగేనండీ" అన్నాను, నువ్వు చెప్పినట్టే. అప్పుడు కిటికీ చూసింది. అద్దం బీట వేసింది కాబట్టి పిల్లకి చలి కొడుతుందట. అద్దం మార్చాం. మళ్ళీ వచ్చింది. ఈసారి ఇంట్లోకి నీళ్ళు రావడం లేదంది. మా వీధిలో ఎవరింట్లోకీ రావు పిరీ! పంచాయతీ గొట్టాలు గాజోల వీధి చివరిదాకా వేసి, మా రోమా వీధి మొదట్లో ఆపేసింది. వాళ్ళు గొట్టం ఆపితే అది నా లోపమట. రేపు గాలి బాగాలేదంటే గాలెక్కణ్ణించి తెచ్చేది?

సిదిని చూశాను. పెంపకపు తల్లి ఎక్కడో దూరపు ఊళ్ళో ఉంటుందట, నన్ను పట్నానికి పిలిచి బొమ్మల గదిలో కూర్చోబెట్టారు. పిల్ల జుట్టు కత్తిరించేశారు. పేలున్నాయా అంటే లేవట, "ముందుజాగ్రత్త" అట. దిష్టి తగలకుండా మణికట్టుకి కట్టిన ఎర్రదారం కూడా తెంపేశారు. నేను కాల్చుకెళ్ళిన బొడాగ్ రొట్టె వాసన చూసి చెయ్యి చాచింది. బయటి తిండి పెట్టకూడదని ఆవిడ సంచీ పక్కకి లాగేసింది.

నువ్వడిగావు కాబట్టి చెబుతున్నాను. ఆ మంచం కాల్చేశాం.

మావాళ్ళలో మనిషి పోతే వాళ్ళు పడుకున్నది, కట్టుకున్నది, తాగిన గ్లాసు, ఏదీ ఇంట్లో ఉంచరు. ఉంచితే పోయినవాళ్ళు వాటికోసం వెనక్కొచ్చి, ముందుకు పోలేక నలుగుతారంటారు. సిది నాయనమ్మ పక్కలోనే పడుకునేది కనక ఇద్దరి మంచమూ అదే. కొత్తది చెయ్యాలని దెజో అప్పటికే చెక్క వెతుకుతున్నాడు. వాళ్ళు ఒక్క వారం ఆగి వచ్చి ఉంటే గదిలో మంచం ఉండేది.

నిప్పు ఎవరు పెట్టాలని అడిగితే మా చిన్నమామగారు లాయోష్, "కోడలు పెడుతుంది. ఇంటి మనిషే పెట్టాలి" అన్నారు. నన్నొకరు ఇంటి మనిషి అనడం పుట్టాక అదే మొదటిసారి. హోమ్‌లో నా దుప్పటి మీద కూడా నంబరే ఉండేది. నేనే అగ్గిపుల్ల గీసి పెట్టాను. అంత దుఃఖంలోనూ నాకు గర్వంగా అనిపించింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నీ దగ్గర సిగ్గేంటి.

ఇది ఎవరికీ చెప్పకు. ఏడాది దాకా పోయినవాళ్ళ సంగతి బయటివాళ్ళ ముందు ఎత్తం. ఎత్తినా వాళ్ళు ఎలా రాసుకుంటారో నాకు తెలుసు.

అరాంకా


పేచ్, మార్చి

నా అరాంకా,

ముందు నన్ను తిట్టుకో, తరవాత చదువు. చెప్పొద్దన్నావు, నేను చెప్పేశాను. మీ జిల్లా ఆఫీసుకి, ఈ పనిలో ఉన్న మనిషిగా, సంతకం పెట్టి రాశాను. ఆ ఇల్లు పేదరికంతో ఖాళీ కాలేదు, నిర్లక్ష్యంతోనూ కాదు, అది మృతురాలికి చేసే మర్యాద, పిల్లకి అంతకుముందు మంచి మంచం ఉండేది, నేనే దానిమీద పడుకున్నాను అని. ఇంత మంచి కారణం చేతిలో పెట్టుకుని నోరు మూసుకు కూర్చోవడమేంటే! మనుషులకి విషయం తెలియకే తప్పు చేస్తారు. తెలిస్తే సర్దుకుంటారు.

ఒక సంగతి చెప్పనా. మా దగ్గరికి ఈమధ్య ఒక కేసొచ్చింది. ఊరి మధ్య ఫ్లాటు, కుర్ర దంపతులు, ఇద్దరూ గాజోలే. పిల్లాడు బట్టల బుట్టలో పడుకుంటున్నాడు. మంచం లేదు, ఊయల లేదు. మా పై ఆఫీసరు ఇల్దికో మేడం ఫోటో చూసి నవ్వేసింది. "పాపం కొత్త కాపురం! బుట్టలో ఎంత ముద్దుగా ఉన్నాడో చూడండి!" ఆఫీసంతా చందాలేసుకుని ఊయల కొన్నాం. మోసుకెళ్ళింది నేనే. మెట్లెక్కుతుంటే నీ నీలం మంచం గుర్తొచ్చి ఊయలని సగం మెట్ల మీదే దించేశాను.

కానీ ఇప్పుడు మీ జిల్లా ఆఫీసువాళ్ళకీ కారణం తెలిసింది కదా. పిల్ల వేసవికల్లా ఇంట్లో ఉంటుంది, చూడు.

పిరి


తిసాహోమోక్, మే

పిరోష్కా గారికి,

మీ సాయం అందింది. విచారణలో మీ ఉత్తరం చదివారు. అంతా కాదు లెండి, వాళ్ళకి కావలసిన ముక్క. "ఈ కుటుంబం ఆచారం పేరుతో గృహోపకరణాలు తగలబెడుతుంది. తల్లే స్వయంగా నిప్పు పెట్టింది. పిల్లకి అగ్నిప్రమాదం పొంచి ఉంది." లావుపాటావిడ నా వైపు తిరిగి, "కొత్త మంచం ఎప్పుడు తగలబెడతావమ్మా?" అని అడిగింది. అందరూ నవ్వారు. జడ్జిగారు కూడా మీసం చాటున నవ్వారు.

ఇంతకుముందు నా లోపం మంచం లేకపోవడం. ఇప్పుడు నా లోపం నేనే. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు.

మా చిన్నమామగారు అడిగారు, పోయినామె సంగతి గాజోల నోట్లో ఎవరు పెట్టారని. దెజో తల దించుకున్నాడు. నేను ఇంటి మనిషిని కదా, ఇంటి మాట బయట పెట్టింది నేనే.

ఇంకొకటి కూడా వినండి, మీ చదువుకి పనికొస్తుంది. మొన్న సిదిని చూడ్డానికి వెళ్ళాను. నన్ను చూడగానే పెంపకపు తల్లి గౌను వెనక దాక్కుంది. దగ్గరికి వెళ్తే కెవ్వుమంది. "నన్ను జిప్సీలకి ఇవ్వద్దు! నేను బుద్ధిగా ఉంటాను!" అంది. నా రంగే దానిది. నా ముక్కే, నా నొక్కుల జుట్టే. ఆ ఇంట్లో అద్దం ఎవరూ చూపించలేదు కాబోలు. ఆవిడ ఏమీ ఎరగనట్టు, "పిల్లలు ఏదో అంటుంటారు" అంది.

ఇక రాయకండి.

అరాంకా


పేచ్, ఆగస్టు

అరాంకా,

రాయొద్దన్నావు. నేను నీ మాట ఎప్పుడు విన్నాను గనక.

సిది మాట చదివి రెండ్రోజులు అన్నం సయించలేదు. హోమ్‌లో వంటామె మనల్ని అదే మాటతో భయపెట్టేది కదా, "నోరు మూసుకోకపోతే జిప్సీలొచ్చి ఎత్తుకుపోతారు" అని. నేను దుప్పట్లో దూరేదాన్ని. నువ్వు మాత్రం లేచి కూర్చుని, "నిజంగా వస్తారా? అయితే మా అమ్మ కూడా వస్తుందేమో" అన్నావు. ఎత్తుకుపోయేది ఎవరో ఈ దేశంలో నీకూ నాకూ తెలిసినంత ఎవరికి తెలుసే? తీసుకెళ్ళేది కారులో వచ్చేవాళ్ళు, భయపెట్టేది బండిలో తిరిగేవాళ్ళ పేరు చెప్పి. థూ!

మీ కేసు ఫైలు సంపాదించి చదివాను. ఎలా అని అడక్కు. మొదటి పేజీలోనే ఉంది: "తల్లి ప్రభుత్వ హోమ్‌లో పెరిగింది. కుటుంబ జీవితం అంటే ఏమిటో ఆమెకు తెలియదు." నేనూ ఆ హోమ్‌లోనే పెరిగాను, నీ పక్క మంచం మీదే. నా ఉద్యోగం కాగితంలో ఇల్దికో మేడం ఏం రాసిందో తెలుసా? "సొంత అనుభవం ఉన్న మనిషి, ఆఫీసుకి ఆస్తి." ఒకే హోమ్, ఒకే గంజి. నీకు మచ్చ, నాకు మెడల్!

హోమ్‌కి ఒక జంట దత్తతకి పిల్లని ఎంచుకోవడానికి వచ్చిన రోజు గుర్తుందా? నేను పక్క తడిపేదాన్ని, దొరికినవాళ్ళని కరిచేదాన్ని. నువ్వు వాళ్ళకి పాట పాడి, మోకాలు వంచి దణ్ణం కూడా పెట్టావు. డైరెక్టరు గారు, "పిల్ల ముద్దుగానే ఉంది గానీ, పెద్దయ్యాక రక్తం బయటపడుతుంది" అన్నారు. నన్ను తీసుకెళ్ళారు. ఆ ఇంట్లో మొదటివారమే వాళ్ళ కుక్కని కరిచాను. ఏ రక్తం బయటపడిందని ఎవరూ అడగలేదు.

ఇక అసలు సంగతి. ఇది నాకు జూన్‌లోనే తెలుసు, చెప్పడానికి చెయ్యి రాలేదు. సిదిని దత్తతకి ఇవ్వదగిన పిల్లల్లో చేర్చబోతున్నారు. మనదేశంలో ఆ రంగు పిల్లని ఎవరూ అడగరు కాబట్టి బయటిదేశం, ఇటలీ. నేను ఇల్దికో మేడం దగ్గరికి వెళ్ళి అడిగాను, ఇదెక్కడి న్యాయమని. ఆవిడ కాఫీలో చక్కెర కలుపుకుంటూ, "అక్కడివాళ్ళు ఎండకి నల్లగానే ఉంటారు పిరోష్కా, పిల్ల ఇట్టే కలిసిపోతుంది" అంది. మంచి మాట చెప్పినట్టు నవ్వింది కూడా. నాకూ ఒక కప్పు పోసిచ్చింది, అక్కడే వదిలేసి వచ్చాను. ఈ ఆఫీసులో ఏడేళ్ళుగా ఆ కాఫీయే తాగుతున్నానే నేను.

సెప్టెంబరులో కోర్టుకి వస్తాను. కాగితం మీద రాస్తే మీ ఆఫీసువాళ్ళు ముక్కలు చేసి చదివారు. ఈసారి మనిషినే వచ్చి నిలబడతాను.

పిరి


తిసాహోమోక్, అక్టోబర్

ఒసే పిరీ,

కోర్టు వరండాలో నిన్ను చూసినప్పుడు ముందు కొట్టాలనిపించింది, తరవాత కావలించుకున్నాను. రెండూ ఒకేసారి చెయ్యలేం కదా. "బంధువు కాదు" అని నిన్ను తలుపు బయటే ఆపేశారు. నేను లోపల్నుంచి వచ్చేసరికి నీ రైలు వేళయింది. అందుకని లోపల ఏం జరిగిందో రాస్తున్నాను.

నేను మూడు పనులూ చేశానని చెప్పాను. మంచం, కిటికీ, ఆ తరవాత వాళ్ళు అడిగిన పొయ్యి గొట్టం. జడ్జిగారు, "నీళ్ళు?" అన్నారు. పంచాయతీ ఇవ్వలేదన్నాను. "అయితే లేవన్నమాట" అని రాసుకున్నారు. పిల్ల నన్ను చూసి భయపడుతోంది కాబట్టి బంధం తెగిపోయిందట. కత్తిరించినవాళ్ళే వచ్చి దారం తెగిందని సాక్ష్యం చెప్పారు. ఆఖర్న ఆయన మెత్తగా, "పిల్ల మేలు కోరవా అమ్మా? అక్కడ దానికి సొంత గది ఉంటుంది" అన్నారు.

నువ్వు కట్టేసుకోమన్న నోరు అప్పుడు విప్పాను. "బాబుగారూ, సొంత గది హోమ్‌లో నాకూ ఇచ్చారు, కరిచిందానికి శిక్షగా. తాళం బయటినుంచి వేసేవారు" అన్నాను. అది నువ్వు కరిచిన రోజేలే. నువ్వు చెప్పలేదు, నేనూ చెప్పలేదు. వాళ్ళు నన్నే అనుకున్నారు.

దత్తతకి ఇవ్వొచ్చని రాసేశారు.

అరాంకా


పేచ్, డిసెంబర్

అరాంకా,

సిది వెళ్ళింది. వెళ్ళే రోజు ఎప్పుడో తెలుసుకుని, పిల్లల్ని అప్పగించే బుడాపెస్ట్ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ నిలబడే హక్కు నాకు లేదు, అయినా నిలబడ్డాను.

ఆ ఇటలీవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. చెడ్డవాళ్ళయితే తిట్టుకుని కాస్త చల్లబడేదాన్ని. ఆవిడ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని బూటు లేసు కడుతూ ఏడుస్తోంది. పిల్లని తల్లి వదిలేసిందని వాళ్ళకి చెప్పారు. అక్కడి అధికారి దుబాసీకి చెబుతుంటే నా చెవులారా విన్నాను. మా ఆఫీసు నోళ్ళలోంచి ఇన్నేళ్ళలో ఎన్ని మాటలు ఇలా బయటికి పోయాయో తల్చుకుంటే నా నోరు నేనే కడుక్కోవాలనిపించింది.

నా బ్యాగులో నీ ఫోటో ఉంది, నీలం మంచం పక్కన పళ్ళికిలించి నిలబడ్డది. తీసి ఆవిడ చేతిలో పెట్టాను. "మామా" అన్నాను. అమ్మ అనే ఆ ఒక్క మాట వాళ్ళ భాషలోనూ అదే. మంచం చూపించి, సిదిని చూపించాను. ఆవిడ ఫోటో వంక, పిల్ల ముఖం వంక మార్చి మార్చి చూసింది. ముఖం తెల్లబోయింది. ఎవరో వచ్చి నా భుజం పట్టుకున్నారు గానీ, ఆవిడ ఫోటో మాత్రం తిరిగివ్వలేదు. కోటు లోపల పెట్టుకుంది.

ఉద్యోగం పోయింది. నియమోల్లంఘన అట. ఇల్దికో మేడం వీడ్కోలుకి కేకు తెప్పించింది. ముట్టుకోలేదు.

నాకు కొన్నాళ్ళు ఎక్కడైనా ఉండాలనుంది. మీ ఇంటికి రావచ్చా? మీ చిన్నమామగారు తరిమేస్తే బస్టాండులో కూర్చుంటాను.

పిరి


తిసాహోమోక్, ఏప్రిల్

ఒసే పిరీ,

ఏడాది తిరిగింది కాబట్టి ఇప్పుడు పేరు చెప్పొచ్చు. మా అత్తగారి పేరు మార్గిత్. నోరారా పలికి ఎన్నాళ్ళయిందో.

నువ్వు పోయిన నెలలోనే రావాల్సింది, ఇంట్లో గొడవ సద్దుమణగనీ అని ఆపాను. గొడవ మంచం గురించే. శీతాకాలం వెళ్ళాక మా చిన్నమామగారు గొడ్డలి పట్టుకుని వచ్చారు. కోపంతో కాదు, కళ్ళు తడిగా ఉన్నాయి. "పిల్ల పోయింది కోడలా. పోయినవాళ్ళ మంచం ఇంట్లో ఉంచకూడదు. మనసు అక్కడే నలుగుతుంది. కాల్చేద్దాం" అన్నారు. నేను గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను.

"చచ్చిపోయినవాళ్ళదే కాలుస్తాం మావయ్యా. దీని మనిషి బతికుంది. పోలేదు, తీసుకుపోయారు."

"ఒక్కసారైనా పడుకోలేదు కదమ్మా అది."

"పడుకోలేదు కనకే కాల్చడానికి వీల్లేదు" అన్నాను.

ఆయన గొడ్డలి గోడకి ఆనించి, మంచం కోడు ఒకటి ఊగుతోందని మేకు కొట్టి వెళ్ళారు.

ఇంకో మాట. నాకు ఐదో నెల. ఆఫీసులో ఎవరు చెప్పారో, లావుపాటావిడ అప్పుడే దిగింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినట్టు, నవ్వుతూ గది చుట్టూ తిరిగింది. నీలం మంచం మీద చెయ్యి వేసి, "ఇది శుభ్రంగా ఉంచావే. కొత్త బిడ్డకి సరిపోతుంది" అని రాసుకోబోయింది.

"దానికి మనిషి ఉందండీ. కొత్త బిడ్డకి వేరేది చేస్తున్నాం" అన్నాను.

ఆవిడ వింతగా చూసి, "రెండు మంచాలా?" అంది.

"అలాగేనండీ" అన్నాను.

ఈ బిడ్డకోసం వాళ్ళు మళ్ళీ వస్తారు, నాకు తెలుసు. అప్పుడు వాళ్ళ రూల్సన్నీ కంఠతా వచ్చిన మనిషి ఒకతి ఇంట్లో ఉంటే మంచిదని చిన్నమామగారే అన్నారు. "ఆ ఎముకల గూడుని రమ్మను" అన్నారు. కాబట్టి వచ్చెయ్. ఒకటి ముందే చెబుతున్నాను, అప్పుడెప్పుడో మార్గిత్ నీకు మంచమిచ్చింది. నేనివ్వను. నువ్వు వంటింటి బెంచీ మీదే పడుకోవాలి, మంచం ఖాళీగా ఉన్నా సరే.

నీ అరాంకా